తల తిరుగుడును చదవడం – మూడో పాఠం: కన్ను ఇచ్చే సాక్ష్యం

గత పాఠం చివర ఒక ప్రశ్న వదిలాను. తల కదలకుండా ఉన్నప్పుడు కూడా లోపలి చెవి నుంచి మెదడుకు వెళ్ళే సంతులన నరం ఎందుకు ఊరుకోదు? నిమ్మళంగా కూర్చున్నా అది సంకేతాలు పంపుతూనే ఎందుకుంటుంది? జవాబు ఈ పాఠం మధ్యలో వస్తుంది. తొందరపడి అక్కడికి దూకకండి. ముందు ఒక దినపత్రిక తెచ్చుకుని కుర్చీలో కూర్చోండి.

పత్రికను చేయి చాచినంత దూరంలో పట్టుకోండి. తల కదల్చకుండా పత్రికను కుడికీ ఎడమకూ ఆడించండి. సెకనుకు రెండుసార్లు అటూ ఇటూ పోయేంత వేగం చాలు. అలా ఆడిస్తూ వార్తలోని ఒక వాక్యం చదవడానికి ప్రయత్నించండి. అక్షరాలు అలుక్కుపోతాయి. ఇప్పుడు పత్రికను కదలనివ్వకుండా అంతే వేగంతో, ‘కాదు కాదు’ అన్నట్టు తలను ఊపుతూ అదే వాక్యం చదవండి. మెడ నొప్పి ఉన్నవారు నెమ్మదిగా ఊపండి. ఈసారి అక్షరాలు నిలకడగా కనిపిస్తాయి.

రెండుసార్లూ కంటికీ కాగితానికీ మధ్య కదలిక ఒక్కటే. మరి ఒకసారి చదవలేకపోయి, ఇంకోసారి ఎలా చదవగలిగారు? ఈ తేడా అర్థమైతే ఈ పాఠంలో సగం వచ్చినట్టే. అందుకని పత్రిక పక్కన పెట్టేముందు మరోసారి చేసి చూడండి.

పత్రిక కదిలినప్పుడు కన్ను దాన్ని వెంబడించాలి. రెటీనామీద పడ్డ బొమ్మ జారుతోందని మెదడు గమనించి, కంటి కండరాలకు ఆజ్ఞ పంపేసరికి సెకనులో పదో వంతు గడిచిపోతుంది. ఈలోగా కాగితం దిక్కు మార్చుకుంటుంది. తల కదిలినప్పుడు ఆ కబురు కంటి దారిన రాదు, చెవి దారిన వస్తుంది. ఆ దారిలో నాడీకణాలు మూడే. లోపలి చెవి నుంచి బయలుదేరే కణం మొదటిది, మెదడుకాండంలో దాన్ని అందుకునే కణం రెండోది, కంటి కండరానికి ఆజ్ఞ ఇచ్చే కణం మూడోది. లోరెంటె డి నో అనే స్పానిష్ శాస్త్రవేత్త 1933లోనే ఈ మూడు మజిలీల దారిని వివరించాడు. కబురు చేరడానికి పట్టే కాలం సెకనులో వందో వంతుకు మించదు. తల కుడికి ఎంత తిరిగితే కన్ను దాదాపు అంతే ఎడమకు తిరుగుతుంది. అందుకే అక్షరం ఉన్నచోటే ఉంటుంది. దీన్ని ఈ పాఠాల్లో ‘చెవి–కన్ను ప్రతిచర్య’ అని పిలుద్దాం.

ఇది లేకపోతే బతుకు ఎలా ఉంటుందో 1952లో ఒక వైద్యుడు తన అనుభవంగా రాశాడు. స్ట్రెప్టోమైసిన్ మందు ఆయన రెండు లోపలి చెవుల సంతులన శక్తినీ తుడిచిపెట్టింది. మంచంమీద పడుకుని పుస్తకం చదువుతుంటే, గుండె కొట్టుకున్నప్పుడల్లా తల అదిరే ఆ సూక్ష్మమైన కదలికకే అక్షరాలు ఎగిరిపడేవి. చదవడం కోసం ఆయన మంచం తలాపు కడ్డీల మధ్య తలను ఇరికించుకోవలసి వచ్చింది. వీధిలో నడుస్తుంటే ఎదురొచ్చేవారి ముఖాలు గుర్తుపట్టలేక, ఆగి నిలబడి చూసేవాడు. ఒకప్పుడు మన దగ్గరా క్షయకు ఈ సూదులు విరివిగా వేశారు. జెంటామైసిన్ సూది ఇప్పటికీ వాడుకలో ఉంది, దానికీ ఇదే గుణం ఉంది. మీ ఇంట్లో పెద్దవారెవరైనా ‘నడుస్తుంటే దారంతా ఊగుతోంది, ఆగితే బాగుంటోంది’ అంటే వయసుమీద నెట్టేయకండి. అంతకుముందు ఏ సూదులు పడ్డాయో అడగండి.

ఒప్పులకుప్ప చెప్పే సంగతి

ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకుని, పాదాలు దగ్గరగా పెట్టి, గిర్రున తిరిగే ఒప్పులకుప్ప మీలో చాలామంది ఆడే ఉంటారు. ఆట ఆపగానే పిల్ల కళ్ళలోకి చూడండి. నల్లగుడ్డు ఒక పక్కకు మెల్లగా జారుతుంది, చటుక్కున వెనక్కి దూకుతుంది, మళ్ళీ జారుతుంది. దీని పేరు నిస్టాగ్మస్. పేరు పరాయిదైనా దృశ్యం మనకు చిన్ననాటిదే.

అసలేం జరిగిందో చూద్దాం. పిల్ల తన కుడివైపుకు తిరగడం మొదలుపెట్టింది. లోపలి చెవిలోని అర్ధవృత్తాకార కుల్యల్లో, అంటే సగం చక్రంలా వంగిన సన్నని గొట్టాల్లో, ఉండే ద్రవం, బస్సు ఒక్కసారిగా కదిలినప్పుడు ప్రయాణికులు వెనక్కి తూలినట్టు, వెనకబడుతుంది. కుల్యకు అడ్డంగా ఉన్న కుపులా అనే జెల్లీ తెర ఆ ఒత్తిడికి వంగుతుంది. తల కుడికి తిరుగుతోందని మెదడుకు కబురు వెళుతుంది. కళ్ళు ఎడమకు జారతాయి, కొస దాకా వెళ్ళి కుడికి దూకుతాయి. అలాగే తిరుగుతూ ఉంటే కాసేపటికి ద్రవం కూడా గోడలతో సమానంగా తిరగడం మొదలవుతుంది. తెర నిటారుగా లేస్తుంది. అప్పుడు ఆట ఆగితే గోడలు ఆగుతాయి గాని ద్రవం ఆగదు. తెర ఈసారి ఎదురువైపుకు వంగుతుంది. నిలబడి ఉన్న పిల్లకు తాను ఎడమకు తిరుగుతున్నట్టనిపిస్తుంది. కళ్ళు కుడికి జారుతూ ఎడమకు దూకుతుంటాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, కొత్తవారంతా చిక్కుకునేది ఇక్కడే. నిస్టాగ్మస్‌లో చెవి చేసే పని మెల్లటి జారుడు మాత్రమే. వేగంగా దూకడం మెదడు చేసే సర్దుబాటు, కన్ను కొసకు చేరి ఇరుక్కుపోకుండా మళ్ళీ మధ్యకు తెచ్చుకోవడం. కాని వైద్యులు పేరు పెట్టేది కంటికి సులువుగా ఆనే ఆ దూకుడును బట్టి. ‘ఎడమ నిస్టాగ్మస్’ అని రాసి ఉంటే కన్ను ఎడమకు దూకుతోందని అర్థం. నోటుపుస్తకంలో రెండు బాణాలు గీసుకోండి: జారుడుకు పొడవైన వంకర బాణం, దూకుడుకు పొట్టి నిటారు బాణం. పరిశోధన వ్యాసం చదువుతున్నప్పుడు ఎక్కడ దిక్కు కనబడినా ఈ రెండూ గీయకుండా ముందుకు వెళ్ళవద్దు. నేను మొదట్లో ఈ పని చేయక, చదివిన వ్యాసాలన్నీ తలకిందులుగా అర్థం చేసుకున్నాను.

మరో సంగతి. వంగిన తెర తిరిగి నిలబడే వేగాన్ని ‘కాల స్థిరాంకం’తో కొలుస్తారు, అంటే వంపు సుమారు మూడో వంతుకు తగ్గడానికి పట్టే కాలం. అది సుమారు 5 సెకన్లు. కంటి జారుడు మాత్రం 15 నుంచి 20 సెకన్ల స్థిరాంకంతో తగ్గుతుంది. చెవి చెప్పడం మానేశాక కూడా కన్ను ఎందుకు కదులుతోంది? చెవి నుంచి వచ్చిన వేగాన్ని మెదడుకాండం కొంతసేపు దాచి ఉంచుకుంటుందని 1979లో రఫాన్, మట్సువో, కోహెన్ చూపించారు. చెవి మాటను మెదడు ఉన్నదున్నట్టు వినదు, తన లెక్క తాను కలుపుకుంటుంది. రోజూ గిర్రున తిరిగేవారిలో ఈ లెక్కే మారుతుంది. బ్యాలే నర్తకులమీద లండన్‌లో జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, తిరిగి ఆగాక వారికి కలిగే తిప్పట త్వరగా సద్దుమణిగింది. మన కూచిపూడి భ్రమరులు సాధన చేసేవారిని ఇలా కొలిచి చూస్తే ఎంత బాగుండునో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

కావడి

ఇప్పుడు వదిలిన ప్రశ్నకు వద్దాం. చెవులు రెండు. వాటిని కావడికి అటూ ఇటూ ఉన్న కుండలుగా ఊహించుకోండి. రెండు కుండల్లోనూ నీళ్ళున్నాయి. షికాగోలో గోల్డ్‌బర్గ్, ఫెర్నాండెజ్ 1971లో కోతుల సంతులన నరపు తంతువులను ఒక్కొక్కటిగా కొలిచినప్పుడు, తల కదలకుండా ఉన్నా ఒక్కో తంతువు సెకనుకు సుమారు 90 సంకేతాలు పంపుతోందని తేలింది. తల కుడికి తిరిగితే కుడి చెవి సంకేతాలు పెరుగుతాయి, ఎడమ చెవివి తగ్గుతాయి. మెదడు చూసేది ఆ తేడాను. నరం ఊరికే ఉన్నప్పుడు మౌనంగా ఉండిపోతే, తగ్గడానికి ఏమీ మిగలదు. రెండు దిక్కులూ చెప్పగలగాలంటే ముందే సగం నిండి ఉండాలి. ప్రశ్నకు జవాబు అదే.

కుడి కుండ పగిలిందనుకోండి. ఒక రకం వైరస్ వాపు కుడి సంతులన నరాన్ని రాత్రికి రాత్రి మూగదాన్ని చేసింది. ఎడమ చెవి మామూలుగా 90 దగ్గరే ఉంది, కుడి చెవి సున్నా. ఆ రోగి కదలకుండా పడుకుని ఉన్నాడు. అయినా మెదడుకు తేడా కనిపిస్తోంది కాబట్టి తల ఎడమకు తిరుగుతోందని తీర్మానిస్తుంది. కళ్ళు కుడికి జారి ఎడమకు దూకుతాయి. అంటే దూకుడు ఎప్పుడూ దెబ్బతిన్న చెవికి దూరంగా ఉంటుంది. ఇది బట్టీ పట్టవద్దు. కావడి గీసుకుని ప్రతిసారీ కొత్తగా తేల్చుకోండి. నాలుగైదు సార్లు గీశాక చెయ్యే చెబుతుంది.

ఒక కుండను మాత్రమే కదిపి చూడటం ఎలా? వియన్నాలో చెవి వైద్యుడిగా పనిచేస్తున్న రాబర్ట్ బారానీకి ఈ దారి రోగులే చూపారు. చెవి కడిగేటప్పుడు తల తిరుగుతోందని వారు అనేవారు. నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు కన్ను ఒక దిక్కుకు, వేడిగా ఉన్నప్పుడు దానికి ఎదురు దిక్కుకు దూకడం ఆయన గమనించాడు. వేడెక్కిన ద్రవం తేలికై పైకి లేస్తుంది, చల్లబడ్డది కిందికి దిగుతుంది, కుల్యలో ప్రవాహం పుడుతుంది అని వివరించాడు. ఈ పనికి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి ప్రకటించినప్పుడు ఆయన రష్యాలో యుద్ధఖైదీగా ఉన్నాడు. స్వీడన్ రాకుమారుడు కార్ల్ రెడ్‌క్రాస్ తరఫున కలగజేసుకోవడంతో 1916లో విడుదలై, వెళ్ళి బహుమతి అందుకున్నాడు. ఇప్పటికీ చెవి ముక్కు గొంతు ఆసుపత్రుల్లో ఈ పరీక్ష చేస్తారు. శరీరపు వేడి 37 డిగ్రీలకు ఏడు తక్కువగా ఒకసారి, ఏడు ఎక్కువగా ఇంకోసారి, అంటే 30, 44 డిగ్రీల నీళ్ళు వాడతారు.

బారానీ వివరణ అంత చక్కగా ఉన్నా పూర్తి కాదని తర్వాత తెలిసింది. బరువు లేనిచోట వేడి ద్రవం పైకి లేవదు. అలాంటప్పుడు అంతరిక్షంలో ఈ పరీక్షకు కన్ను కదలకూడదు. 1983లో స్పేస్‌ల్యాబ్‌లో వ్యోమగాముల చెవుల్లోకి గాలి పంపి చూశారు, కన్ను కదిలింది. ద్రవపు ప్రవాహం కాక వేడి మరో దారిలోనూ పనిచేస్తోందన్నమాట. నోబెల్ తెచ్చిన వివరణను కూడా ఇంత శ్రద్ధగా మళ్ళీ తూచి చూసిన ఈ ప్రయోగమంటే నాకు ఎంతో గౌరవం. పరీక్ష ఉపయోగం మాత్రం తగ్గలేదు.

ఒక్క కుదుపు

కావడి బొమ్మలో ఇంకో సంగతి దాగి ఉంది. సంకేతాలు 90 నుంచి పైకి రెండు మూడు వందల దాకా పెరగవచ్చు, కిందికి సున్నా దాకానే తగ్గుతాయి. పెరగడానికి చోటెక్కువ, తగ్గడానికి తక్కువ. ఎవాల్డ్ 1892లో పావురాల కుల్యలను ఒక్కొక్కటిగా కదిపి చూసినప్పుడే ఈ అసమానత బయటపడింది. సుమారు వందేళ్ళ తర్వాత, 1988లో, సిడ్నీలో హల్మాజీ, కర్తాయ్స్ దీన్ని మంచం పక్కన చేసే పరీక్షగా మలిచారు.

రోగి వైద్యుడి ముక్కువైపు చూస్తూ ఉంటాడు. వైద్యుడు అతని తలను రెండు చేతులతో పట్టుకుని, చెప్పకుండా, పది ఇరవై డిగ్రీలు మాత్రమే, చురుగ్గా కుడికి తిప్పుతాడు. కుడి చెవి బాగుంటే చూపు ముక్కుమీదనే ఉంటుంది. కుడి చెవి మూగదైతే భారమంతా ఎడమ చెవిమీద పడుతుంది, ఎడమది తగ్గడం ద్వారానే చెప్పగలదు, సున్నా దగ్గర ఆగిపోతుంది. కన్ను తలతోపాటు కుడికి కొట్టుకుపోతుంది, తర్వాత ఒక్క గెంతుతో ముక్కుమీదికి తిరిగి వస్తుంది. ఆ గెంతే సాక్ష్యం. తల ఏ వైపు తిప్పితే గెంతు కనిపించిందో ఆ వైపు చెవి బలహీనం. నెమ్మదిగా తిప్పితే గెంతు కనిపించదు, కంటిచూపు ఆ లోటును పూడుస్తుంది. మీరు చేసిన పత్రిక ప్రయోగంలో కంటి దారి ఎంత నిదానమో చూశారు కదా, వేగం ఎందుకు కావాలో మీకే అర్థమవుతుంది.

దీన్ని ఇంట్లో ఎవరి మెడమీదా ప్రయత్నించవద్దు. మీరు నేర్చుకుంటున్నది చదవడం. మెడ ఎముకలు అరిగినవారికీ మెడ రక్తనాళాల జబ్బు ఉన్నవారికీ ఆ కుదుపు హాని చేయగలదు.

ఇప్పుడు ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైనది, కాస్త ఆగి చదవండి. ఒక మనిషికి నిన్నటి నుంచి తెరపి లేకుండా తల తిరుగుతోంది, వాంతులవుతున్నాయి, కళ్ళు దూకుతున్నాయి. పై పరీక్ష చేస్తే గెంతు కనిపించింది. మంచిదా, చెడ్డదా? లోపం కనిపించింది కాబట్టి చెడ్డదనిపిస్తుంది. నిజానికి అది ఊరట. లోపం చెవి నరంలో ఉందని అది చెబుతోంది. గెంతు లేకుండా, అంటే పరీక్ష ‘మామూలుగా’ ఉంటే, చెవి బాగానే ఉండి తల తిరుగుతోందన్నమాట. అప్పుడు అనుమానం చిన్నమెదడుకో మెదడుకాండానికో రక్తం ఆగిన పక్షవాతంమీదికి పోతుంది. 2009లో కట్టా, న్యూమన్–టోకర్ బృందం ఇలాంటి 101 మందిని పరీక్షించింది. ఈ కుదుపు పరీక్షతోపాటు, చూపు పక్కలకు తిప్పినప్పుడు దూకుడు దిక్కు మారుతోందా, రెండు కళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయా అని చూశారు. పక్షవాతం ఉన్నవారిలో ఒక్కరిని కూడా ఈ మూడు గుర్తులు కలిసి జారవిడవలేదు. మొదట తీసిన ఎంఆర్‌ఐ మాత్రం వందకు 12 మందిలో ఏమీ లేదని తప్పుగా చెప్పింది.

ఈ ఫలితాన్ని దాని హద్దులతో కలిపి చదవండి. పరీక్షించినవారు ఈ విద్యలో ఆరితేరిన నిపుణులు. అలవాటు లేని చేతుల్లో ఈ పరీక్ష అంత నిక్కచ్చిగా ఉండదని తర్వాతి అధ్యయనాలు చూపాయి. పైగా ఇది తల తిరుగుడు ఆగకుండా కొనసాగుతూ, కళ్ళు దూకుతున్నవారికే వర్తిస్తుంది. తల తిరుగుడు వచ్చి పోతూ ఉండేవారిమీద ప్రయోగిస్తే పరీక్ష మామూలుగానే ఉండి, లేని పక్షవాతాన్ని అనుమానించవలసి వస్తుంది. మీకు తెలిసినవారెవరికైనా తల తిరుగుడుతో మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, చెయ్యీ కాలూ స్వాధీనం తప్పడం, ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, ఒక చెవి హఠాత్తుగా వినిపించకపోవడం వంటివి కనిపిస్తే పుస్తకాలు మూసి ఆసుపత్రికి పరుగెత్తండి.

కళ్ళు తిరుగుతున్నాయి

మన భాషలో ఈ బాధకు ఎన్ని మాటలు! తల తిరుగుతోంది, కళ్ళు తిరుగుతున్నాయి, తూలు వస్తోంది, కళ్ళు బైర్లు కమ్మాయి, ఒళ్ళు తేలిపోతోంది. వీటిలో ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అన్నది నాకు అపురూపం. అన్నవారికి తెలియకపోయినా, చెవి జబ్బుల్లో అది అక్షరాలా నిజం. కాని సొమ్మసిల్లేముందూ అదే అంటారు, ఉపవాసం ఉండి నీరసించినా అదే అంటారు. మాటను పట్టుకుని జబ్బును తేల్చలేం.

ఇది తెలుగువారికి మాత్రమే ఉన్న చిక్కు కాదు. గిర్రున తిరుగుతున్నట్టుందా, స్పృహ తప్పేట్టుందా, తూలుతున్నారా అని అడిగి జబ్బులను వర్గీకరించే పద్ధతి 1972 నుంచి అమెరికా పాఠ్యపుస్తకాల్లో నడిచింది. 2007లో అత్యవసర విభాగాలకు వచ్చిన రోగులను ఈ ప్రశ్నే అడిగి, కొన్ని నిమిషాల తర్వాత మళ్ళీ అడిగారు. సగం మందికి పైగా వేరే జవాబు చెప్పారు. ఎంతసేపు ఉంటోంది, ఏం చేస్తే వస్తోంది అన్న ప్రశ్నలకు మాత్రం జవాబులు అంతగా మారలేదు. అందుకే ఇప్పుడు పరిశోధకులు ‘ఎలా ఉంది’ కన్నా ‘ఎప్పుడు, ఎంతసేపు, ఏం చేస్తే’ అని అడగమంటున్నారు.

మా పెద్దమ్మ విషయంలో ఈ రెండు ప్రశ్నలూ ఎవరూ అడగలేదు. మంచంమీద కుడివైపు ఒత్తిగిలితే ఇంటి కప్పు గిర్రున తిరిగేది, అర నిమిషంలో ఆగేది. మెడ ఎముక అరిగిందని ఒకచోట చెప్పి ఏడు నెలలు మాత్రలు వాడించారు. తల తిరుగుడును అణచే మందులు మొదటి రెండు మూడు రోజులు మేలు చేస్తాయి. నెలల తరబడి వాడితే చెవి లోటుకు మెదడు అలవాటు పడే పనినే మందగింపజేస్తాయి. (మీరు వాడుతున్నవి సొంతంగా ఆపకండి, ఈ సంగతి మీ వైద్యుడిని అడగండి.) చివరికి వేరొక వైద్యురాలు ఆమెను బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి, కళ్ళలోకి చూసి, తలను నాలుగు భంగిమల్లో తిప్పింది. ఆ సాయంత్రం పెద్దమ్మ ఏడు నెలల్లో మొదటిసారి కుడివైపు తిరిగి పడుకుంది. ఆ ఏడు నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఈ పాఠాలు రాయడానికి కారణం ఆవిడే.

అభ్యాసం

కింది రెండు ఫిర్యాదులకు నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీయండి: ఎంతసేపు, ఏం చేస్తే, కన్ను ఏం చేస్తోంది. పెద్దమ్మది నేను నింపుతాను: అర నిమిషం, కుడివైపు ఒత్తిగిలితే, ఆ అర నిమిషం పాటు దూకి ఆగుతుంది. మిగిలినవి మీరు నింపండి.

ఒక రైతు: ‘పొలంలో వంగి కలుపు తీసి లేచి నిలబడగానే కళ్ళు తిరిగి చీకట్లు కమ్ముతాయి, గట్టు పట్టుకుంటే రెండు క్షణాల్లో పోతుంది. పడుకుని ఎటు తిరిగినా ఏమీ ఉండదు.’

ఒక ఉపాధ్యాయురాలు: ‘నెలకోసారి ఎడమ చెవి దిబ్బడేసి హోరుమంటుంది, వెంటనే మూడు గంటలు కళ్ళు తిరుగుతాయి, తర్వాత చెవి కొద్దిగా తెరుచుకుంటుంది.’

ఎవరి కంట్లో నిస్టాగ్మస్ ఉంటుందని ఆశిస్తారు, ఎవరి కంట్లో ఉండదు, ఎందుకు? కావడి బొమ్మ వేసి సమాధానం రాయండి.

వచ్చే పాఠానికి కొంచెం సామాను కావాలి. వేలంత లావున్న పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం ఒక మూర, చిటికెడు కడిగిన ఇసుక, నీళ్ళు. గొట్టంలో నీళ్ళూ ఇసుకా పోసి, గాలి బుడగ మిగలకుండా రెండు కొసలూ కలిపి చక్రంలా బిగించండి. చక్రాన్ని నిలువుగా పట్టుకుంటే ఇసుక అడుగున చేరుతుంది. దాన్ని నెమ్మదిగా వెనక్కి వాల్చి, ఇసుక కదలడం మొదలుపెట్టడానికి ఎంతసేపు పడుతోందో, ఎక్కడికి చేరి ఆగుతోందో గడియారం చూసి రాసుకోండి. పెద్దమ్మ చెవి కుల్యలోనూ ఇసుకలాంటి రేణువులే చేరాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయో, ఆ వైద్యురాలు తలను ఎందుకు అదే వరుసలో తిప్పిందో ఈ చక్రంమీదనే తేల్చుకుందాం.